నలుగురూ కూర్చునే హాస్టల్: పాలమూరు, నల్లగొండ ఎండలకు తగ్గ నక్షా

హాస్టల్ నక్షాలో ఓ మూలన కామన్ హాల్ గీసి, పిల్లలు అక్కడ కలుస్తారులే అనుకుంటారు. కలవరు. కొన్నాళ్లకు అందులో విరిగిన మంచాలు చేరతాయి. నలుగురూ కలిసేది నీళ్లు పట్టుకునే కాడ, మెట్ల మీద, బట్టలు ఆరేసే కాడ. మొదట ఈ మూడింటి చోటు తేల్చండి, గదులు ఆ తర్వాతే.

15 మందిని ఒక జట్టుగా పెట్టండి: ముగ్గురేసి ఉండే గదులు 5, ఆ జట్టుకే 3 మరుగుదొడ్లు, 3 స్నానాల గదులు. అప్పుడు నల్లా కారినా ఎవరో ఒకరు పట్టించుకుంటారు. 150 మందికి ఒకే వరుస కడితే అది ఎవరిదీ కాదు. గది లోపలి కొలత 12 × 14 అడుగులు. నాలుగో మంచం ఇరికిస్తే రాత బల్ల బయటికి పోతుంది.

వరండా 8 అడుగులు ఉండాలి. 5 అడుగులే అయితే ఒకరు గోడకానుకుని కాళ్లు చాపగానే దారి మూసుకుపోతుంది, వార్డెన్ లేపేస్తారు. కింది అంతస్తులో వాకిలి వైపు అడుగున్నర ఎత్తున అరుగు కట్టి తాండూరు బండలు వేయండి. పై అంతస్తుల్లో మాత్రం అరుగును పిట్టగోడకు ఆనించొద్దు. దానిమీద నిలబడితే మూడున్నర అడుగుల గోడ రెండడుగులే మిగులుతుంది. అక్కడ గదుల గోడ వైపే కట్టాలి.

ఎండాకాలం పడమటి గోడ పొద్దుగూకాక కూడా సెగ చిమ్ముతుంది. అటు మెట్లు, సామాన్ల గది పెట్టి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు తిప్పండి. చాలామంది మరుగుదొడ్లను పడమటికి తోస్తారు. వానాకాలం గాలి ఎక్కువగా అటునుంచే కదా, వాసనంతా గదుల్లోకి కొడుతుంది. తూర్పు కొసన కట్టండి.

ఆడపిల్లల హాస్టల్ వాకిట్లో బతుకమ్మ ఆడాలి. 40 మంది గుండ్రంగా తిరగాలంటే మనిషికి రెండున్నర అడుగుల చొప్పున 100 అడుగుల చుట్టుకొలత, అంటే అడ్డంగా 32 అడుగుల ఖాళీ నేల. నడిమధ్య చెట్టు నాటితే ఆ ఆట పోయినట్టే. వేపో కానుగో పడమటి అంచున నాటండి, సాయంత్రం నీడ వాకిట్లోకే పడుతుంది.

డాబా మీద దండెం మనిషికి 8 అడుగులు లెక్కేయండి. తక్కువైతే తడి బట్టలు వరండాలోకి దిగి అరుగును మింగేస్తాయి.

తాగునీళ్ల నల్లాలు మెట్ల పక్కనే, 3కి తగ్గకుండా పెట్టండి. కింద అడుగు వెడల్పు జాలీ కాలువ లేకపోతే బండ తడిసి జారుతుంది. నల్లగొండ వైపు బోరు నీటిని ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా తాగడానికి ఇవ్వొద్దు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడే 1.5 దాకా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నీటికి విడిగా సంపు కట్టండి. బోరు నీటికి ఆర్ఓ పెడితే, వదిలేసే నీటిలో ఫ్లోరైడ్ మరింత ఎక్కువుంటుంది. దాన్ని వంటింటి పైపుతో కలపకుండా, వేరే రంగు పైపులో మరుగుదొడ్ల ట్యాంకుకు ఎక్కించండి.