పక్క బిట్ చెదరకుండా రిజిస్టర్‌లో రాయడం ఎలా?

కావాల్సినవి: ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు, నాలుగు కాళ్ల పుష్ బటన్, రెండు వైర్లు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఎలక్ట్రానిక్స్ దుకాణాల ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది. ఎల్ఈడీ కొనక్కర్లేదు, 13వ పిన్‌కి బోర్డు మీదే ఒకటి ఉంటుంది.

ఊనో ఆర్3లోని చిప్ ఏటీమెగా328పీ. దాని సెట్టింగులు రిజిస్టర్లలో, అంటే ఒక్కోటి 0 గానీ 1 గానీ అయ్యే ఎనిమిది బిట్ల గళ్లలో, ఉంటాయి. కొన్ని పిన్‌ల గుంపును పోర్ట్ అంటారు. 13వ పిన్ అంటే పోర్ట్ బీలో 5వ బిట్, 8వ పిన్ అంటే 0వ బిట్. లెక్క కుడివైపు నుంచి, సున్నాతో మొదలు. కింద తెలుగులో ఉన్న రిజిస్టర్ పేర్లను కోడ్‌లో మాత్రం డేటాషీట్‌లో (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉన్నట్టే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టాలి.

1. ముందు పిన్‌ని ఔట్‌పుట్ చేయండి:
డీడీఆర్‌బీ |= (1 << 5);
బ్రాకెట్‌లోది 5వ బిట్ మాత్రమే 1గా ఉన్న సంఖ్య, |= ఆ బిట్‌ని మాత్రమే 1 చేస్తుంది. ఇక్కడ ఉత్త = పెడితే మిగతా ఏడు బిట్లూ సున్నా అయిపోతాయి.

2. వెలిగించడానికి:
పోర్ట్‌బీ |= (1 << 5);
ఆర్పడానికి:
పోర్ట్‌బీ &= ~(1 << 5);
~ బిట్లన్నిటినీ తలకిందులు చేస్తుంది. దాన్ని మరిచిపోతే మీ ఎల్ఈడీ ఆరదు, పక్కవన్నీ ఆరతాయి!

3. బటన్‌ని 8వ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, ఎదురు మూలల కాళ్లతో కలపండి. పక్కపక్క కాళ్లు కలిపితే అవి లోపల ముందే కలిసి ఉండొచ్చు, అప్పుడు నొక్కకుండానే నొక్కినట్టు చూపిస్తుంది. పుల్-అప్ (నొక్కనప్పుడు పిన్‌ని 1 దగ్గర ఉంచే లోపలి రెసిస్టర్) కోసం:
డీడీఆర్‌బీ &= ~(1 << 0);
పోర్ట్‌బీ |= (1 << 0);
నొక్కితే 0 వస్తుంది. చదివేటప్పుడు ((పిన్‌బీ & (1 << 0)) == 0) అని బ్రాకెట్లు పూర్తిగా పెట్టండి. సీ భాషలో == ముందు, & తర్వాత. పిన్‌బీ దగ్గర మొదలయ్యే బ్రాకెట్ వదిలేస్తే ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు, కంపైలర్ ఎర్రర్ కూడా ఇవ్వదు.

4. అసలు తలనొప్పి టైమర్ దగ్గర. టైమర్ 1 ప్రీస్కేలర్ (చిప్ క్లాక్‌ని ఎంతతో భాగించి టైమర్‌కి ఇవ్వాలో చెప్పేది) ఒక బిట్ కాదు, టీసీసీఆర్1బీలో 0, 1, 2 మూడూ కలిసి ఒక సంఖ్య. 256 కావాలంటే ఆ మూడూ 100 కావాలి. కానీ మీ సెటప్ నడవక ముందే ఆర్డుయినో అక్కడ 011, అంటే 64, పెట్టి ఉంచుతుంది. దాని మీద |= (1 << 2) అంటే 111 అవుతుంది. 111 అంటే బయటి క్లాక్: 5వ పిన్ మీద పల్స్ వస్తే తప్ప టైమర్ కదలదు. కోడ్ చూస్తే తప్పేమీ కనిపించదు, అదే చిక్కు. అందుకే ముందు తుడిచి, తర్వాత రాయాలి:
టీసీసీఆర్1బీ = (టీసీసీఆర్1బీ & ~7) | 4;

5. ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ (టైమర్ నిండి మళ్లీ సున్నాకి వచ్చిందని చెప్పే బిట్) విషయంలో మాత్రం పద్ధతి తలకిందులు. టీఐఎఫ్ఆర్1లో 1 రాస్తేనే ఫ్లాగ్ చెరుగుతుంది. |= వాడితే అప్పటికి లేచి ఉన్న ఫ్లాగులన్నీ చెరిగిపోతాయి. ఇక్కడ ఉత్త = సరైనది:
టీఐఎఫ్ఆర్1 = (1 << 0);