జాకెట్టు ముక్కతో సంక్రాంతి కార్డు

పాత శుభలేఖ అట్ట 21 × 15 సెం.మీ. కోసి, మధ్యలో స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగాకే మడవండి. లేకపోతే మడత దగ్గర అట్ట పగులుతుంది.

జాకెట్టు కుట్టగా మిగిలిన కాటన్ ముక్కను ఇస్త్రీ చేసి, 6 సెం.మీ. గాలిపటంలా కత్తిరించండి. పట్టు ముక్కకు పోగులు ఊడతాయి. అందుకే దాని మీద ముందుగా గాలిపటం గీసి, ఆ గీత వెంట ఫెవికాల్ పలచగా రాసి, ఆరాక కత్తిరించాలి. అట్టకు అతికించడానికి మధ్యలో ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే బట్ట మీదికి మరక తేలుతుంది.

కార్డు విప్పి, ముందు అట్ట మీద మాత్రమే, బట్ట అంచుకు 3 మి.మీ. లోపల మిషన్ కుట్టు వేయండి. కుట్టు పొడవు 4 మి.మీ. ఉండాలి. చిన్న కుట్లయితే తపాలా బిళ్ల చిల్లుల్లా కాగితం చిరిగిపోతుంది. చివర్లో రివర్స్ కుట్టు (వెనక్కి కుట్టడం) వద్దు, దారాలు వెనక్కి లాగి ముడేయండి. కాగితానికి సూది మొద్దుబారుతుంది కనుక పాత సూది దీనికే ఉంచండి. తోకగా ఎర్రదారం వేలాడితే ఎంత ముద్దుగా ఉంటుందో! లోపలి కుట్లపై తెల్లకాగితం అంటించండి.