ప్రజాభిప్రాయ సేకరణ: కాగితం ఇవ్వకుండా మైకు పట్టుకోవద్దు

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు యాభై మందికి పైగా ప్రాణాలను బలిగొన్న తరువాత, ఊరి పక్కకు మరో రసాయన యూనిట్ వస్తోందంటే గ్రామస్థులు ఉలిక్కిపడటం సహజం. ఆ భయం న్యాయమైనది, కానీ అది చేరవలసిన చోటికి చేరాలి. పర్యావరణ అనుమతిపై సలహా చెప్పేది ప్రజాభిప్రాయ సేకరణ సభకు అధ్యక్షత వహించే కలెక్టరు కాదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ ప్రకారం ‘ఏ’ కేటగిరీ ప్రాజెక్టులను కేంద్రస్థాయి నిపుణుల మదింపు కమిటీ, ‘బి’ కేటగిరీవాటిని రాష్ట్రస్థాయి కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తాయి. ఆ నిపుణులు మీ సభలో కూర్చోరు. సభ రికార్డు, దానికి కంపెనీ ఇచ్చిన జవాబులు మాత్రమే వారి ముందుకు వెళతాయి.

నేను చూసినంతలో ఊళ్లను ముంచిన పొరపాటు ఒక్కటే: నోటితో చెప్పి, రాసి ఇవ్వకుండా ఇంటికి రావడం. మైకులో ఎంతసేపు గోడు వెళ్లబోసుకున్నా మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, అది ‘కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు’ అన్న ఒక్క వాక్యంగా మిగలవచ్చు. దానికి ‘నిబంధనల ప్రకారం చర్యలు తీసుకుంటాం’ అన్న జవాబు సరిపోతుంది. ‘కంపెనీ పర్యావరణ ప్రభావ నివేదిక ఫలానా పేజీలో చూపిన వాగే మా చెరువు నింపుతుంది, ఆ చెరువు కిందే మా పొలాలున్నాయి’ అని రాసి ఇస్తే, జవాబు ఆ వాగు గురించే చెప్పవలసి వస్తుంది.

ఆ నివేదికలో నమూనాలు తీసిన తేదీలు చూడండి. సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజనులోనే వాటిని సేకరిస్తారు కాబట్టి, వేసవిలో ఎండిన వాగుకు ఆ పుటల్లో విలువ ఉండకపోవచ్చు; అది నిండుగా పారుతున్నప్పటి ఫొటోలను తేదీతో సహా జతచేయండి.

నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉంటాయి, కలెక్టరేట్‌లో ముసాయిదా నివేదిక ఉంటుంది, కనుక చివరి రోజు దాకా ఆగకండి. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకండి. ఒకే అర్జీ కింద వందమంది సంతకాలు చేసే బదులు ఎవరి బోరు, ఎవరి పొలం గురించి వారు రాయండి. ఉద్యోగాల హామీలపై వాదనకు దిగకండి. సభను బహిష్కరించకండి: కోరం (కనీసం ఇంతమంది హాజరు కావాలి) అన్న నిబంధనే లేదు, మీరు లేకపోయినా సభ జరిగినట్టే. మినిట్స్ తెలుగులో చదివి వినిపించేవరకు కదలకండి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి. ఖాళీ కాగితంపై సంతకం చేయకండి. రాసి ఇవ్వండి. నకలుపై తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. అనుమతి వచ్చేస్తే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి గడువు 30 రోజులే, తగిన కారణం చూపితే గరిష్ఠంగా మరో 60. ఆ అప్పీలుకు జతచేయవలసింది ఈ ముద్ర ఉన్న నకలునే.