పక్కింటోళ్లకు సకినాలు: చేసిన మేలు గుర్తుందని చెప్పే తీరు

మేడారం జాతరకు పోయి వచ్చేసరికి మొక్కలు వాడిపోలేదంటే, నల్లా వచ్చిన రోజు డ్రమ్ము నిండిందంటే పక్కింటోళ్లు కనిపెట్టుకొని ఉన్నట్టు. పైసలు ఇవ్వబోతే మనసు నొచ్చుకుంటారు. వరంగల్ దిక్కు ఇండ్లల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి అమ్మవార్ల బంగారం, రెండోది చేత్తో చుట్టిన సకినాలు.

బంగారం, అంటే గద్దెల నుంచి తెచ్చిన బెల్లం, ఇంటికొచ్చిన రోజే పంచాలి. కాయితంలో చుడితే చెమ్మకు కరిగి అంటుకుంటుంది, చిన్న గిన్నెలో ఇవ్వండి. షుగరున్న పెద్దవాళ్లకు చిటికెడు చాలు. ప్రసాదం తీసుకునే ఆనవాయితీ లేని ఇంటికైతే సకినాలే మేలు.

నాలుగిండ్లకు పంచి ఇంట్లో తినడానికి కిలో బియ్యం సరిపోతాయి. కొత్త బియ్యమైతే ఇంకా మంచిది. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, తడి తడిగా ఉండగానే గిర్నికి పట్టించండి. జల్లించిన పిండి ఆరిపోకుండా గుడ్డ కప్పి ఉంచాలి. అందులో 200 గ్రాముల నువ్వులు, రెండు చిన్న చెంచాల ఓమ, మూడున్నర చిన్న చెంచాల ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ మెత్తగా కలపండి. వేళ్ల మధ్య నుంచి తెగకుండా జారితే పిండి పదును కుదిరినట్టే. గట్టిగా ఉంటే చుట్టు మధ్యలోనే తెగుతుంది. పలుచనైతే చుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

పాత నూలు చీర పరిచి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండిని మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు తిప్పండి. గుడ్డ తడి పీల్చుకొని, సకినం విరగకుండా లేచేదాకా ఆరనివ్వాలి. సకినాలు పేలేది ఎక్కువగా ఇక్కడి తొందర వల్లనే. పిండి గరుకుగా ఉన్నా, చుట్టు మందమై లోపల తడి చిక్కినా అది నూనెలో ఆవిరై పగులుతుంది, నూనె మీదికి చిందుతుంది. మొదటి వాయిలో ఒకటే వేసి, కడాయికి దూరంగా నిలబడి చూడండి. మంట మధ్యస్థంగా ఉంచాలి. ఎర్రబడేదాకా ఆగొద్దు, బుడగలు తగ్గి తెల్లగా ఉండగానే తీయాలి. పూర్తిగా చల్లారకముందే డబ్బాలో పెడితే మెత్తబడతాయి.

అన్నిటికంటే మంచి మర్యాద, చుట్టే రోజు వాళ్లనే పిలవడం. చాయ పోసి, మొదటి వాయి వాళ్ల చేతిలోనే పెట్టండి. వాళ్లు చుట్టే రోజు మీరూ పోవాలి, పొలం పనికి బదలు పోయినట్టే.

ఇచ్చేటప్పుడు ఊరికే "పండుగకు" అనకండి. చేసిన పని పేరు పెట్టి చెప్పండి: "వదినా, మేము మేడారంల ఉన్నన్ని రోజులు మా మొక్కలకు నీళ్లు పోసిన్రు, మర్చిపోం." పిల్లల చేతికిచ్చి పంపితే ఆ మాట చేరదు, మీరే పోండి. పొద్దుగాల వంటల హడావిడిలో కాకుండా సాయంత్రం పోతే నాలుగు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది.

ఇంటికి పది, పదిహేను చాలు. మరీ ఎక్కువిస్తే తిరిగి అంతే ఇవ్వాలేమోనని వాళ్లకు బరువవుతుంది. విరిగినవి ఇంట్లో ఉంచుకొని నిండువి ఇవ్వండి, వెంట కొంచెం పచ్చిమిర్చి తొక్కు పెట్టండి.

గిన్నె వెంటనే రాలేదని అడగకండి. వట్టిది తిరిగిచ్చే అలవాటు మన దగ్గర లేదు, అందులో ఏం పెట్టి పంపాలా అని వాళ్లు చూస్తుంటారు.