కొత్త ఇంటికి వచ్చిన గినీ పిగ్ మేత ముట్టకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఉన్న తెలుగు ఇళ్లకు గినీ పిగ్ చాలావరకు దూరం నుంచే వస్తుంది. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో దుకాణంలో కొని తెస్తారు, లేదా బదిలీ మీద వెళ్లిపోతున్న కుటుంబం దగ్గర తీసుకుంటారు. రైలులోనో బస్సులోనో గంటల తరబడి కుదుపులు పడి వచ్చిన జంతువు మొదటి రాత్రి మేతకు దూరంగా ఉండటంలో వింత లేదు. అయితే కుక్క ఒక పూట తినకపోతే చూద్దాంలే అని ఊరుకున్నట్టు దీని విషయంలో ఊరుకోవడానికి వీలులేదు. గినీ పిగ్ పగలూ రాత్రీ కొద్దికొద్దిగా పీచు మేత నములుతూనే ఉండాలి. మేత ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, లోపల వాయువు చేరి నొప్పి పుడుతుంది, ఆ నొప్పి వల్ల ఉన్న కాస్త ఆకలీ పోతుంది. అందువల్ల పన్నెండు గంటలపాటు ఏమీ తినలేదని తేలితే పశువైద్యుడికి ఫోను చేయాలి, 24 గంటలు దాటక ముందే ఆయనకు చూపించాలి.

మొదట తేల్చవలసింది అది నిజంగా తినడం లేదా, లేక మన కళ్లముందు తినడం లేదా అన్నది. బోను అడుగున తెల్ల కాగితమో పాత నూలు గుడ్డో పరచి, రాత్రి పెట్టిన మేతను తూచి ఉంచి, ఉదయాన్నే పెంటికలు చూడండి. ఒకే పరిమాణంలో, కోలగా, దండిగా పెంటికలు పడి ఉంటే అది చీకట్లో తిన్నట్టే. అవి బాగా తక్కువగా, చిన్నగా, ఎండిపోయి, ఒకవైపు మొన తేలి ఉంటే పొట్టలోకి వెళుతున్నది చాలడం లేదని అర్థం. దీనితోపాటు గ్రాముల లెక్క చూపే వంటింటి కాటా మీద గిన్నె పెట్టి, రోజూ ఒకే సమయంలో బరువు చూసి రాసుకోవాలి. పెద్ద గినీ పిగ్ సాధారణంగా 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో 50 గ్రాములు తగ్గిందంటే జాగ్రత్తపడాలి, శరీర బరువులో పదో వంతు తగ్గితే చికిత్స అవసరమని భావించాలి. ఈ రెండు లెక్కలూ లేకుండా కింద చెప్పబోయే కారణాల్లో ఏది వర్తిస్తుందో తేల్చడం కష్టం.

మూలలో ముడుచుకుని ఉంటుంది, ఎవరూ లేనప్పుడు మాత్రం కాస్త కదులుతుంది

ఇది భయం. గినీ పిగ్ వేటకు గురయ్యే జాతి జంతువు కనుక ప్రమాదం అనిపిస్తే పరుగెత్తుతుంది, వీలులేకపోతే కదలకుండా బిగుసుకుపోతుంది. తల దాచుకునే చోటు లేని బోనులో, నడవా మధ్యలో, మిక్సీ చప్పుడుకూ కుక్కర్ కూతకూ దగ్గరగా ఉంచి, చుట్టాలందరికీ ఎత్తి చూపిస్తూ ఉంటే అది తినే ధైర్యం చేయదు. బోనును గోడవారగా, ఇంట్లో అలికిడి తక్కువగా ఉన్న గదిలో పెట్టి, సగభాగాన్ని పలుచని గుడ్డతో కప్పండి. రెండు వైపులా దారి కోసిన అట్టపెట్టె ఒకటి లోపల ఉంచి, గడ్డినీ నీటినీ ఆ పెట్టె గుమ్మంలోనే పెడితే బయటికి రాకుండానే తినగలుగుతుంది. మొదటి రెండు రోజులు బరువు చూడటానికి తప్ప చేతుల్లోకి తీసుకోవద్దు. పిల్లలకు ఇది కష్టమైన నియమమే, అయినా పెద్దలు పట్టుబట్టి పాటింపజేయాలి. పిల్లి కానీ కుక్క కానీ ఆ గదిలోకి రాకూడదు.

జంటగా పెరిగినదాన్ని విడదీసి తెచ్చినా ఇలాగే దిగులుపడుతుంది. ఇంట్లో ఇదివరకే ఉన్న గినీ పిగ్‌తో కలిపితే పాతది కొత్తదాన్ని మేత దగ్గరికి రానివ్వకపోవచ్చు కనుక, రెండు చోట్ల మేత, రెండు చోట్ల నీరు, దాక్కోవడానికి రెండు పెట్టెలు ఉండాలి. కుందేలుతో మాత్రం కలపవద్దు. కుందేలు శ్వాసనాళంలో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా గినీ పిగ్‌కు సోకితే ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు.

చురుకుగానే ఉంటుంది, మేత వాసన చూసి వెనక్కి తగ్గుతుంది

నా అంచనాలో కొత్త ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, తేలిగ్గా నివారించగలిగేదీ ఇదే. గినీ పిగ్‌లు ఏది మేత, ఏది కాదు అన్నది పసితనంలోనే నేర్చుకుంటాయి, ఆ తరువాత కొత్త వస్తువును మేతగా ఒప్పుకోవడానికి చాలా సంకోచిస్తాయి. ఒక కంపెనీ గుళికల దాణా తిన్నది మరో కంపెనీ గుళికలను రాళ్లలాగే చూడవచ్చు. సీసా నుంచి నీరు తాగడం నేర్చిన జంతువు గిన్నెలోని నీటిని పట్టించుకోకపోవచ్చు, నీరు అందని జంతువు పొడి మేతనూ మానేస్తుంది.

కాబట్టి తీసుకునే రోజునే పాత యజమానిని అడగవలసినవి అడగాలి: ఏ దాణా, ఏ గడ్డి, ఏ ఆకులు, ఏ వేళకు పెట్టేవారు, నీరు సీసాలోనా గిన్నెలోనా, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఏదైనా మందు వాడారా. కనీసం వారం రోజులకు సరిపడా అదే దాణాను, అది పడుకున్న గుడ్డను ఉతకకుండా వెంట తెచ్చుకోండి. అడగకుండా తెచ్చేసుకున్నవారు ఇప్పుడైనా ఫోను చేయడం మంచిది. ఆ తరువాత పాత దాణాలో కొత్తదాన్ని రోజుకు కొంచెం చొప్పున కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో మార్చాలి. నీటిని సీసాలోనూ, ఒరిగిపోని బరువైన మట్టి మూకుడులోనూ రెండు విధాలుగా ఉంచి, సీసా మూతిలోని గోళీ బిగుసుకుపోలేదని వేలితో నొక్కి చూడండి.

గడ్డి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జంతువు తిండిలో అత్యధిక భాగం అదే. పుస్తకాల్లో చెప్పే తిమోతి గడ్డి మన వైపు ఊళ్లలో కొట్టుకెళ్లి అడిగితే దొరికేది కాదు, తెప్పించుకోవాలి. ఇక్కడ చవకగా దొరికే ఎండుగడ్డి అంటే వరిగడ్డి. దానిలో పోషకాలు చాలా తక్కువ కనుక పరుపుగా వేయడానికి పనికొస్తుంది కానీ ప్రధాన మేతగా పనికిరాదు. మంచి ప్రత్యామ్నాయం గరిక, వినాయక చవితికి పీకే గరికే. రోడ్డు పక్కనా, కలుపు మందు కొట్టిన పొలం గట్ల మీదా కాకుండా శుభ్రమైన చోట కోసి, కడిగి, నీరు ఆరిన తరువాత పచ్చిగానూ, నీడలో ఆరబెట్టి ఎండుగానూ పెట్టవచ్చు. ఇంతకు ముందు పచ్చగడ్డి ఎరగని జంతువుకు ఒక్కసారిగా రాశి పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, గుప్పెడుతో మొదలుపెట్టాలి. జులై నుంచి అక్టోబరు దాకా ఈ తేమలో ఎండుగడ్డి త్వరగా బూజు పడుతుంది. ముక్క వాసన వచ్చిన గడ్డిని అది ముట్టకపోతే తప్పు దానిది కాదు.

ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి పెరుగన్నమో బిస్కెట్టో రొట్టె ముక్కో పెట్టబోతారు. గినీ పిగ్ పేగులు పిండి పదార్థాలకూ పాలకూ తగినవి కావు, ఆ ముక్కతో కడుపుబ్బరం మొదలవుతుంది. కోళ్ల దాణా కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా ఆకులు పెట్టకూడదు. ఆకలి రేపడానికి కొత్తిమీర కాడలు, కీరా ముక్క, క్యాప్సికమ్ ముక్క మంచివి. పాలకూర, తోటకూర రోజూ పెట్టేవి కావు.

మేత దగ్గరికి ఆత్రంగా వస్తుంది, నోట పెట్టుకుని వదిలేస్తుంది, గడ్డం తడిగా ఉంటుంది

ఇక్కడ ఆకలి ఉంది, నమలడం మాత్రం సాధ్యం కావడం లేదు. గినీ పిగ్‌కు ఉన్న ఇరవై పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలినప్పుడే అరుగుతాయి. గుళికలూ క్యారెట్లూ మాత్రమే తిని పెరిగిన జంతువుల దవడ పళ్లు వంకరగా పెరిగి నాలుకనో బుగ్గనో గుచ్చుతాయి. ముందరి పళ్లు చక్కగా కనిపించినంత మాత్రాన లోపలి పళ్లు బాగున్నాయనుకోకూడదు. చొంగ కారడం, మెత్తటివి మాత్రమే తినడం, తలను ఒకవైపు వంచి నమలడం దీని గుర్తులు. గోళ్లు తీసే కత్తెరతో ఇంట్లో పళ్లు కత్తిరించడం ఎంత మాత్రం తగదు, పన్ను నిలువునా చీలిపోతుంది. పశువైద్యుడు పరికరంతో నోరు తెరిచి చూసి, అవసరమైతే మత్తు ఇచ్చి అరగదీయాలి.

కదలడానికి ఇష్టపడదు, ఎత్తితే నొప్పితో అరుస్తుంది, బొచ్చు గరుకుగా ఉంటుంది

విటమిన్ సి లోపాన్ని అనుమానించాలి. మనుషుల్లాగే గినీ పిగ్ కూడా ఈ విటమిన్‌ను శరీరంలో తయారు చేసుకోలేదు, మేతలో అందకపోతే రెండు మూడు వారాల్లో కీళ్ల వాపు, చిగుళ్ల నొప్పి, ఆకలి మాంద్యం మొదలవుతాయి. కుందేళ్ల దాణా తిని పెరిగినవాటిలో ఇది సహజం, ఆ దాణాలో విటమిన్ సి చేర్చరు. ఆరోగ్యంగా ఉన్నదానికి రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. జామపండు చిన్న ముక్క, పచ్చ క్యాప్సికమ్ ముక్క ఆ అవసరాన్ని చాలావరకు తీరుస్తాయి. ఏమీ తినని జంతువుకు 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రను పొడి చేసి 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, అందులో అర మిల్లీలీటరు సిరంజీతో పట్టిస్తే 25 మిల్లీగ్రాములు అందుతుంది. మిగిలినదాన్ని పారబోయాలి, ఎందుకంటే నీటిలో, వెలుతురులో అది త్వరగా సత్తువ కోల్పోతుంది. తాగే నీటి సీసాలో కలపడమూ ఈ కారణం వల్లే వృథా, పైగా రుచి మారిందని నీరే మానేయవచ్చు. ఇతర విటమిన్లు కలిసిన మాత్రలు వాడవద్దు.

ఎండాకాలం బారుగా పడుకుని వేగంగా ఊపిరి తీస్తుంది

దీనికి హాయిగా ఉండే వేడి 18 నుంచి 24 డిగ్రీలు. రాయగడలో మే నెల 40 డిగ్రీలు దాటే రోజున రేకుల కప్పు కింద ఉంచితే మేత మాట అటుంచి ప్రాణమే పోతుంది. చల్లని గచ్చు ఉన్న గదికి మార్చి, చెవులకూ పాదాలకూ తడిగుడ్డ అద్ది, గుడ్డ చుట్టిన చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టండి. మంచు నీటిలో ముంచకూడదు. కోరాపుట్ పీఠభూమి మీద చలికాలం రాత్రులు ఇందుకు విరుద్ధమైన కష్టం, అక్కడ గాలి తగలని చోటూ మందమైన పరుపూ కావాలి.

పొట్ట డోలులా బిగిసింది, పళ్లు కొరుకుతోంది, పెంటికలు ఆగిపోయాయి

ఇంటి వైద్యానికి ఇక్కడ తావు లేదు. విరేచనాలు, ముక్కు కళ్ల దగ్గర పొక్కు కట్టడం, ఊపిరిలో శబ్దం ఉన్నా అంతే. చూలుతో ఉన్న ఆడది మేత మానితే మరీ తొందరపడాలి. దుకాణం నుంచి వచ్చిన ఆడవి చూలుతో ఉండటం అరుదేమీ కాదు. చూలు కాలం 59 నుంచి 72 రోజులు, చివరి రెండు వారాల్లో తిండి ఆగితే గంటల్లో పరిస్థితి విషమిస్తుంది.

మన బ్లాకు పశువైద్యశాలల్లోని వైద్యులు రోజంతా ఆవులనూ మేకలనూ చూసేవారు, గినీ పిగ్ వారి ముందుకు అరుదుగా వస్తుంది. అందుకని బరువు, పెంటికల వివరం, పాత మేత కాగితం మీద రాసి తీసుకెళ్లండి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ దీని పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను చంపి ప్రాణం తీయగలవన్న సంగతిని మర్యాదగా గుర్తు చేయడంలో తప్పు లేదు. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు ఏవీ వేయకండి. పెద్ద పరీక్షలు అవసరమైతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, బరంపురం నుంచి విశాఖ వెళ్లే రైలు మార్గంలోనే గరివిడి వస్తుంది. రాయగడ వైపు వారు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరవచ్చు. దారిలో తడి కూరగాయ ముక్కలూ, దాక్కోవడానికి గుడ్డా పెట్టెలో ఉంచాలి.

పొట్ట ఉబ్బలేదని వైద్యుడు నిర్ధారించిన తరువాతే సిరంజీతో మేత పట్టించాలి. అలవాటైన గుళికలను మెత్తగా పొడి చేసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, సిరంజీలో జారేంత పలుచగా చేయండి. జంతువును తువాలులో చుట్టి, నాలుగు కాళ్ల మీద కూర్చున్న భంగిమలోనే ఉంచి, సిరంజీ మొనను పక్క నుంచి, ముందరి పళ్ల వెనుక ఉండే ఖాళీలోకి పెట్టి, అర మిల్లీలీటరుకు మించకుండా వదిలి, నమిలి మింగేదాకా ఆగాలి. వెల్లకిలా పెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజు మొత్తం మీద కిలో బరువుకు 50 నుంచి 80 మిల్లీలీటర్లు, ఐదారు విడతలుగా, రాత్రి ఒక విడత తప్పకుండా ఉండాలి. సిరంజీ పెడుతున్నా గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. తనంతట తాను తినడం మొదలుపెట్టాక ఒక్కసారిగా మానకుండా విడతలు తగ్గిస్తూ, బరువు వరుసగా మూడు రోజులు నిలకడగా ఉన్నప్పుడే సిరంజీ ఆపండి.