సీటు నొప్పికి జెల్ కవర్ మందు కాదు

విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సైకిల్ మీద వెళ్లేసరికి కూర్చునే చోట మంట, తిమ్మిరి వస్తున్నాయా? సీటుకి తొడిగే మెత్తటి జెల్ కవర్ కొనకండి. కూర్చునే ఎముకలు అందులో దిగబడి, మధ్యలోని మెత్తటి భాగం మీద ఇంకా ఒత్తిడి పడుతుంది.

ముందు సీటు ఎత్తు చూడండి. సైకిల్ గోడకి ఆనించి ఎక్కి, అట్టడుగున ఉన్న పెడల్ మీద మడమ పెట్టండి; కాలు నిటారుగా రావాలి. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగిందంటే సీటు ఎక్కువైంది. మోకాలి ముందు నొప్పికి చాలాసార్లు సీటు తక్కువవడం, మోకాలి వెనక నొప్పికి ఎక్కువవడం కారణం. ఒకసారికి 3 మిల్లీమీటర్లే మార్చండి. పాత ఎత్తు దగ్గర సీట్‌పోస్టుకి (సీటు కింది గొట్టానికి) టేపు చుట్టి ఉంచండి, లేకపోతే వెనక్కి రావడం కష్టం.

ఏరోబార్ల (ముంజేతులు ఆనించి ముందుకు వాలే హ్యాండిల్ కడ్డీల) మీద వాలితే బరువంతా సీటు ముక్కు మీద పడుతుంది. దాన్ని 1-2 డిగ్రీలు కిందికి వంచండి. మరీ వంచితే ముందుకు జారి చేతులు తిమ్మిరెక్కుతాయి. 10 నిమిషాలకోసారి లేచి తొక్కండి.

ప్యాడ్ షార్ట్స్ (లోపల మెత్త కుట్టిన సైకిల్ షార్ట్స్) లోపల ఇంకేమీ వేసుకోవద్దు, కుట్లు ఒరుసుకుంటాయి. తొడల సందుల్లో పెట్రోలియం జెల్లీ రాయండి. మన ఉక్కపోతలో తడి షార్ట్స్‌తో టీ బండి దగ్గర అరగంట కబుర్లు చెబితే కురుపులు ఖాయం! దిగిన వెంటనే మార్చుకోండి. తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోతే సైకిల్ ఆపి డాక్టర్‌కి చూపించండి.