కత్తిరి ఎండలు ముదరకముందే హ్యామ్‌స్టర్ పొట్ట సంగతి చూసుకోండి

చెన్నైలో కత్తిరి, అంటే ఎండలు మండిపోయే కాలం, మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా నడుస్తుంది. హ్యామ్‌స్టర్‌కు హాయిగా ఉండే వేడి 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే తిండి తగ్గిస్తుంది, కదలడం మానేస్తుంది, పొట్ట పాడవుతుంది. ఏప్రిల్‌లో ఒకసారి విరేచనాలై తగ్గిన దానికే మేలో మళ్లీ తిరగబెడుతుంది. మందుతో తగ్గిందని మనం మర్చిపోతాం. గూట్లో కుళ్లుతున్న దోసకాయ ముక్కో, బూజు పట్టిన పల్లీయో, పాకుడు పట్టిన నీళ్ల సీసాయో మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే పంజరం పని ఏప్రిల్ మధ్యకల్లా పూర్తి కావాలి.

మొదట కావలసింది ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ తూకం. చిన్న గిన్నెలో హ్యామ్‌స్టర్‌ను కూర్చోబెట్టి వారానికి రెండుసార్లు బరువు చూసి, తేదీ వేసి రాసుకోండి. మేలో రోజూ చూడండి. సాయంత్రం నిద్ర లేవగానే, తినకముందే తూచాలి. దవడ సంచుల నిండా గింజలుంటే తూకం అబద్ధం చెబుతుంది. 120 గ్రాముల సిరియన్ (హ్యామ్‌స్టర్లలో పెద్ద రకం) 108కి దిగిందంటే పదోవంతు పోయినట్టు. పైకి బాగానే కనిపించినా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. ఇంత చిన్న జంతువు జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, బరువును దాచలేదు.

పగలంతా పడుకుంటే నీరసమని కంగారు పడొద్దు, అది రాత్రి తిరిగే జీవి. రాత్రి తొమ్మిదైనా గూట్లోంచి రాకపోవడం, చక్రం ఎక్కకపోవడం, వీపు గూనిలా పెట్టి బొచ్చు రేగి కళ్లు సగం మూసుకుని కూర్చోవడం, ఇవీ నీరసం గుర్తులు. చలిదేశాల్లో హ్యామ్‌స్టర్లు శీతనిద్రలోకి వెళ్తాయని ఎక్కడో చదివి, మే నెలలో వాలిపోయినదాన్ని 'నిద్రలే' అని వదిలేసేవాళ్లున్నారు. చెన్నై మేలో శీతనిద్ర ఉండదు. అది వడదెబ్బో, విరేచనాల వల్ల నీరు తగ్గడమో అయి ఉంటుంది.

ఇక తిండి. పదే పదే వచ్చే పొట్ట జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. సిరియన్‌కు రోజుకు 10-12 గ్రాములు, డ్వార్ఫ్ అనే చిన్న రకాలకు 5-6 గ్రాముల పొడి తిండి చాలు. పెల్లెట్లు ప్రధానంగా, పక్కన కొర్రలు, సజ్జలు, జొన్నలు కొద్దిగా. పొద్దుతిరుగుడు గింజలు రోజుకు రెండు మూడుకు మించొద్దు. కూరగాయ ముక్క బొటనవేలి గోరంత, అదీ సాయంత్రమే. రెండు గంటలయ్యాక తినకుండా మిగిలినది తీసేయాలి. గిన్నె ఖాళీగా కనబడితే తినేసిందనుకోవద్దు, గూట్లో దాచి ఉండొచ్చు. రోజూ చేత్తో గూడు మూల తడిమి తడి ముక్కలు మాత్రం తీయండి. పొడి గింజల నిల్వను మొత్తం ఊడ్చేస్తే అది కంగారుపడి ఇంకా ఎక్కువ దాస్తుంది.

మనకు పొట్ట బాగాలేకపోతే పెరుగన్నం తింటాం, దానికీ అదే పెడతారు కొందరు. పెట్టొద్దు. పాల పదార్థాలు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, పుల్లటి పండ్లు దానికి పడవు. మామిడిపండు సీజన్ కదా అని ముక్క రుచి చూపిస్తారు. తీపి ఎక్కువైతే పలుచగా పోతుంది, పైగా డ్వార్ఫ్ రకాలు మధుమేహం వైపు త్వరగా జారతాయి.

గింజలు విడిగా కొని డబ్బాలో పోసుకునేవాళ్లు పురుగు సంగతి చూసుకోవాలి. ధాన్యంలో పుట్టే నల్ల పురుగులు బద్దెపురుగుల్లో ఒక రకానికి, అంటే డ్వార్ఫ్ టేప్‌వార్మ్‌కు, వాహకాలు. అది హ్యామ్‌స్టర్ పేగులో చేరితే తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ విరేచనాలు వస్తాయి. మనుషులకూ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, అంటుతుంది. కొత్త గింజలను గట్టి మూత డబ్బాలో డీప్ ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంచి, బయటికి తీశాక డబ్బా మూత తీయకుండా గది వేడికి రానివ్వండి. వెంటనే తెరిస్తే లోపల తేమ కూర్చుని బూజు పడుతుంది. పల్లీల మీద బూజు వాసన కాస్త తగిలినా పారేయండి.

నీళ్ల సీసా కొస ఉన్న బంతి ఇరుక్కుంటే నీళ్లు నిండా ఉన్నా హ్యామ్‌స్టర్ దాహంతో పడి ఉంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వేలితో కొట్టి చుక్క పడుతోందో లేదో చూడండి. 100 గ్రాముల బరువుకు రోజుకు సుమారు 10 మిల్లీలీటర్లు తాగుతుంది. మార్కర్‌తో సీసా మీద గీత పెట్టుకుంటే ఎంత తాగిందో తెలుస్తుంది. బోరు నీళ్లు కాకుండా మీరు తాగే నీళ్లే పోయండి, ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు మార్చండి. సన్న బ్రష్‌తో సీసా మెడ లోపల రుద్దితే ఆకుపచ్చ పాకుడు ఎంత ఊడుతుందో చూస్తే, ఇన్నాళ్లూ ఏం తాగించామో తెలుస్తుంది.

వేడి విషయంలో చెన్నైకి ఒక పేచీ ఉంది. హ్యామ్‌స్టర్‌కు చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ పెట్టి చల్లబరిచామనుకోవడం మన భ్రమే. తడి గుడ్డ కప్పితే పొడి ఊళ్లలో పనిచేస్తుంది, సముద్రపు గాలి తేమ నిండిన ఇక్కడ ఆ నీరు ఆరదు. పంజరం ఉక్కపోసి కింద పరిచిన బెడ్డింగ్ బూజు పడుతుంది. ఏసీ 24 మీద పెట్టి గాలి నేరుగా తగలకుండా ఉంచడం మేలు. కరెంటు పోయిన పూటకు అరలీటరు నీళ్ల సీసాలు రెండు ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంచి, తువ్వాలు చుట్టి పంజరం బయట ఒక పక్కన ఆనించండి. లోపల ఒక గ్రానైట్ పలక, బోర్లించిన చిన్న మట్టి కుండ పెడితే అదే వెళ్లి పొట్ట ఆనించి పడుకుంటుంది. పంజరం బాల్కనీలో వద్దు, వంటింటి పక్కన వద్దు. చీమల కోసం మందు చాక్‌పీసు గీయొద్దు. బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టడమే ఎప్పుడూ నయం.

రంపపు పొట్టు చౌకని కలప డిపోనుంచి తేవద్దు. సన్నటి దుమ్ము, కలపకు పూసిన మందులు రెండూ హానే. వాసన లేని టిష్యూ పేపర్ చించి వేయండి. తడిసిన మూల రోజూ తీసి, వారానికోసారి మూడింట రెండు వంతులు మార్చి, పాతది కొంత ఉంచండి. దాని సొంత వాసన పూర్తిగా పోతే ఒత్తిడి, ఆ ఒత్తిడి నేరుగా పొట్ట మీద పడుతుంది. విరేచనాలు పట్టుకున్న పంజరానికి మాత్రం ఈ లెక్క చెల్లదు. బెడ్డింగంతా, చెక్క సామానుతో సహా తీసి పారేసి, వేడి నీళ్లు, సబ్బుతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి.

పెంటికలు కాస్త మెత్తబడినా, తిరుగుతూ తింటుంటే కూరగాయలు ఒకరోజు ఆపి పొడి తిండి మీద ఉంచితే సర్దుకుంటుంది. తోక చుట్టూ తడిసి, దుర్వాసన కొడుతూ, తిండి మానేసిందంటే మాత్రం వెట్ టెయిల్ కావచ్చు. లాసోనియా అనే బాక్టీరియాతో వస్తుంది, మూడు నుంచి పది వారాల సిరియన్ పిల్లల్లో ఎక్కువ. రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసేస్తుంది కాబట్టి 'రేపు చూద్దాం' పనికిరాదు. సెలవుల్లో పిల్లల పోరు పడలేక మేలోనే కొత్త హ్యామ్‌స్టర్‌ను కొనకండి. తల్లి పాలు మాని, దుకాణం మారి, ఎండ తగిలిన పిల్లకే ఇది సులువుగా వస్తుంది.

ఒక పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఆడ సిరియన్‌కు నాలుగు రోజులకోసారి తెల్లగా, జిగటగా, వాసనగా స్రావం వస్తుంది. అది విరేచనం కాదు. రోజూ వస్తున్నా, రక్తం కలిసినా గర్భసంచి చీము కావచ్చు.

ఈ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది: ఇంట్లో పిల్లలకు మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ హ్యామ్‌స్టర్‌కు చుక్క కూడా పోయకండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి దాని పేగులో ఉండే మంచి బాక్టీరియాను చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడు బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మందేసిన కొద్ది రోజులకు అసలు జబ్బుతో కాక ఆ విషంతో చనిపోతుంది. మనుషులకు విరేచనాలు ఆపే లోపెరమైడ్ కూడా వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు చేయగలిగింది నీరు పోకుండా చూడటం: ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలిపి, సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజితో పెదవి పక్కన రెండు చుక్కలు, పావుగంటకోసారి. మింగకపోతే, ఒళ్లు వేలాడిపోతుంటే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వడదెబ్బయితే మామూలు నీళ్లతో చెవులు, పాదాలు తడపండి, ఐసు నీళ్లు కాదు.

కుక్కలనే చూసే క్లినిక్‌లో చిన్న జంతువుల అనుభవం ఉందో లేదో ముందే ఫోన్‌చేసి అడగండి. ఏప్రిల్‌లోనే ఆ నంబర్ రాసిపెట్టుకోండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి కూడా ఉంది. వెళ్లేటప్పుడు బరువుల కాగితం, అప్పుడే వేసిన పెంటికలు శుభ్రమైన డబ్బాలో, తింటున్న తిండి ప్యాకెట్ తీసుకెళ్లండి. రెండోసారో మూడోసారో తిరగబెట్టినదైతే మల పరీక్ష, పళ్ల పరీక్ష చేయమని మీరే అడగండి. ముందుపళ్లు పెరిగి వంకరపోతే తినలేక కూడా నీరసిస్తుంది.

సెలవుల్లో విజయవాడో నెల్లూరో వెళ్తుంటే హ్యామ్‌స్టర్‌ను రైల్లో తీసుకెళ్లొద్దు. పంజరాన్ని దాని చోటే ఉంచి, పక్కింటివాళ్లకు తాళం ఇవ్వండి. రోజువారీ గింజలను తూచి తేదీ రాసిన చిన్న పొట్లాలుగా కట్టిపెట్టండి, లేకపోతే ప్రేమకొద్దీ గుప్పెడు పోస్తారు. కూరగాయలు అసలు పెట్టొద్దని చెప్పండి. పంజరం మీద ఒక కాగితం అంటించండి: సీసా బంతి కొట్టి చూడాలి, రాత్రి తొమ్మిదికి బయటికి వచ్చిందా చూడాలి, తోక తడిగా ఉంటే అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి.